అలైన్‌మెంట్

సూర్యాపేటలో నాదొక డీటీపీ సెంటరు. ఊరికి రైలు కావాలని లెక్కల సారు పెట్టే వినతిపత్రాలన్నీ నేను కొట్టినవే. మంత్రి పేరు, తేదీ మారుస్తాను. మిగతాదంతా నాకు కంఠతా: రైలెక్కాలంటే నల్లగొండకో, మిర్యాలగూడకో, ఖమ్మానికో పరుగెత్తాలి. 2016లో జిల్లా కేంద్రమయ్యాక కూడా అదే గతి. ఇంత పెద్ద వ్యవసాయ మార్కెట్ ఉంది. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు లక్షల మంది వస్తారు. ఇట్లా రెండు పేజీలు.

జవాబులు రావడమే అరుదు. ఒకసారి వచ్చింది. "హైవే ఉన్నందున రాకపోకల అంచనా చాలదు" అని ఒకటే వాక్యం. సారు నా కౌంటరు మీద చెయ్యి చరిచారు.

"ఈ రాసినోడు ఎన్నడన్న సూర్యాపేట చూసిండా? హైవే ఉంటే రైలొద్దా? అన్నం ఉన్నదని నీళ్లు తాగుడు మానేస్తమా?"

కిందటేడు సారు కొడుకు జర్మనీ నుంచి వస్తూ బొమ్మరైలు పెట్టె తెచ్చాడు. బొమ్మంటే సారుకు కోపం. అది ఎన్ స్కేలు మోడలు, అసలు రైలుకు 160వ వంతు. పట్టాల మధ్య ఎడం 9 మిల్లీమీటర్లు. "మన బ్రాడ్‌గేజి 1676. భాగిస్తే పదిన్నర రావాలె. వాళ్లది 1435, అందుకే తొమ్మిది" అని లెక్క తేల్చాకే పెట్టె విప్పారట.

చోటు దగ్గర వచ్చింది అసలు తంటా. మేడమీది గదిలో సగం బియ్యం బస్తాలవి, పావువంతు పాత కూలరుది. బస్తా ఒక్క ఇంచు జరిగినా ఊరుకోనని సారు భార్య ముందే చెప్పింది. మిగిలిన చోట పాత ఫ్లష్ డోరొకటి పడుతుంది. ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. ఉమ్మడి జిల్లా రైల్వే మొత్తం ఆ తలుపు మీదే.

లెక్కలు నా దగ్గరే వేశారు. సూర్యాపేట నుంచి కోదాడకు సుమారు 45 కిలోమీటర్లు. 160తో భాగించినా 280 మీటర్ల పట్టా కావాలి. అది వదిలేశాం. ఒక్కో పెట్టె 13 సెంటీమీటర్ల పైచిలుకు. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ పెడితే తలుపు దాటి నాలుగడుగులు గోడలోకి పోతుంది. ఐదు పెట్టెలకు దిగారు. తలుపు రెండు చివర్లా బండి తిరగడానికి అరచందమామల్లా మలుపులు పోగా, తిన్నని దారి మిగిలేది ముందొక వరస, వెనకొక వరస. అంతే.

పని మాత్రం ముచ్చటగా చేశారు. మూసీ ఇసుకను టీ జల్లెడలో రెండుసార్లు జల్లించి పట్టాల మధ్య పోశారు. ఫెవికాల్‌ను నీళ్లలో పలచగా కలిపి, గిన్నెలు తోమే సబ్బునీళ్లొక చుక్క వేసి, చెవిమందు డ్రాపరుతో ఇసుక మీద వదిలారు. సబ్బు లేకపోతే జిగురు ఇసుకలోకి దిగదట, పైనే ముత్యాల్లా నిలుస్తుందట. తెల్లారి గోకి చూశాను. గింజ కదల్లేదు.

ప్రారంభోత్సవానికి వాడకట్టంతా వచ్చింది. ముందు వరసలో మిర్యాలగూడ. అగ్గిపెట్టెల రైసు మిల్లులు, బియ్యం వ్యాగన్లకు వేరే సైడింగు. వెనక వరసలో కోదాడ. పాపం, అసలు కోదాడకు కూడా ఇంతవరకు ప్రయాణికుల రైలు లేదు. ఇక్కడ మాత్రం మేళ్లచెరువు సిమెంటు కోసం గూడ్సు కూడా ఆగింది. రైలు నాలుగు చుట్లు తిరిగింది. చప్పట్లు.

"తాతా, మన సూర్యాపేట ఏది?" అంది మనవరాలు. దానికి తొమ్మిదేళ్లు.

సారు తలుపు కొసన మలుపు చూపించారు. "ఇక్కడ్నేనమ్మా. మలుపుల ప్లాట్‌ఫారం పెడితే పెట్టెల మూలలు రాసుకుంటయి. దూరం జరిపితే జనం సందుల పడ్తరు."

"మిర్యాలగూడ పక్కన పెట్టు."

"సైడింగు తీసెయ్యాలె. మిల్లులోళ్లు ఊకుంటరా?"

"కోదాడ తీసెయ్యి."

"మరి సిమెంటు ఎట్ల పోవాలె?"

"మనమెట్ల పోవాలె?"

సారు నవ్వి మలుపు పక్కన బూడిద రంగు వేసిన గీత చూపించారు. దాని మీద రెండు బస్సులు కూడా అతికించారు.

మర్నాడు మనవరాలు నా షాపుకొచ్చింది. తాత వినతిపత్రమే కావాలంది, మంత్రి పేరు తీసేసి "గౌరవనీయులైన తాతయ్య గారికి" అని కొట్టమంది. తేదీ మార్చి ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు. వీధిలో తిరిగి పదిహేను సంతకాలు కూడా పెట్టించిందట.

సాయంత్రం సారే ఆ కాగితం పట్టుకొని వచ్చారు. ఆఫీసు కాపీ ఉండాలె, ఒక జిరాక్సు తియ్యమన్నారు. గ్లాసు మీద బోర్లా పెట్టబోతూ చూశాను. మార్జిన్‌లో గెజిటెడ్ హెడ్మాస్టరు నాటి ఆకుపచ్చ సిరాతో, గుండ్రటి అక్షరాలతో రాశారు:

"హైవే ఉన్నందున రాకపోకల అంచనా చాలదు."