నీలం గీత: ఒక రిఫ్రాక్టోమీటర్ ఆత్మకథ

చేతి రిఫ్రాక్టోమీటర్ జానెడు పొడవు గొట్టం. ఒక చివర ఏటవాలుగా కోసిన గాజు పట్టకం, దాని మీద మూతలా వాలే పారదర్శకమైన రేకు. రెండో చివర కన్ను ఆనించే కటకం. పట్టకం మీద రెండు చుక్కల ద్రవం వేసి, మూత వాల్చి, గొట్టాన్ని వెలుతురు వైపు తిప్పి చూస్తే గుండ్రటి తెరలో పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. రెండూ కలిసే గీత ఏ అంకె దగ్గర నిలిస్తే ఆ ద్రవం బ్రిక్స్ అంత. ఈ కథ చెప్పుకుంటున్నది సున్నా నుంచి 32 దాకా కొలిచే అలాంటి గొట్టమే. బతుకంతా పక్కవాళ్ల తీపి లెక్క చెప్పి చెప్పి, తన కథ దగ్గరికి వచ్చేసరికి "నేను" అనడానికి దానికి నోరు తిరగదు.

నీళ్ల గ్లాసులో నిలబెట్టిన చెంచా విరిగినట్టు కనిపించడం అందరూ చూసిందే. గాలిలోంచి నీటిలోకి దిగేటప్పుడు వెలుతురు దారి మార్చుకుంటుంది. ఆ నీటిలో చక్కెర కలిపితే మరికాస్త వంగుతుంది. ఎంత చక్కెరకు ఎంత వంపో ముందే లెక్క గట్టి, ఆ లెక్కను గాజు మీద మెట్లుగా గీస్తే రిఫ్రాక్టోమీటర్ అవుతుంది. 100 గ్రాముల ద్రావణంలో 1 గ్రాము చక్కెర ఉంటే 1 డిగ్రీ బ్రిక్స్. ఈ లెక్కల పుట్టుకలో బీరు పాత్ర పెద్దది. 19వ శతాబ్దంలో ప్రాగ్‌లో కార్ల్ బాలింగ్ బీరు తయారీదారుల కోసం చక్కెర పట్టికలు వేశాడు. జర్మనీలో అడాల్ఫ్ బ్రిక్స్, ఆ తర్వాత ఫ్రిట్జ్ ప్లాటో వాటిని సవరించారు. వెలుతురు వంపును కొలిచే పరికరాన్ని యేనా నగరంలో జైస్ సంస్థలో పనిచేసిన ఎర్నెస్ట్ అబ్బే 1869లో తయారుచేసి, 1874లో వివరంగా ప్రచురించాడు. బాలింగ్, బ్రిక్స్, ప్లాటో కొలతల మధ్య తేడా దశాంశాల్లోనే. అయినా బీరు వాళ్లు ప్లాటో అంటారు, చెరకు, పండ్ల వాళ్లు బ్రిక్స్ అంటారు. ఎవరి కులదైవం వాళ్లది.

ఈ గొట్టానికి మొదటి కొలువు బెంగళూరులో, బీరును అక్కడికక్కడే కాచి పోసే ఒక బ్రూపబ్‌లో. తర్వాత ఈ గొట్టం చేరిన చిత్తూరు నుంచి ఆ ఊరు దాదాపు 180 కిలోమీటర్లు. చిత్తూరు, తిరుపతి పిల్లలు ఉద్యోగాలకు వెళ్లే ఊరూ అదే. మద్యం ఊసే నిషిద్ధమైన తిరుమల కొండ నీడలో పెరిగి, అక్కడ గాజు గోడ వెనక రాగి రంగు తొట్లను చూసి ఆశ్చర్యపోయిన వాళ్లు కొందరైనా ఉంటారు.

పని పొద్దున్నే మొదలవుతుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మాల్ట్ అంటారు. దాన్ని మరపట్టి, 65 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా ఉన్న వేడి నీళ్లలో గంటసేపు నానబెడతారు. మొలక తెచ్చిన ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా కోస్తాయి. గీత కదిలేది అప్పుడే. ప్రతి పావుగంటకూ ఒక చుక్క, ప్రతి చుక్కకూ గీత కాస్త పైకి. వడగట్టిన తీపి నీరే వర్ట్. దాన్ని హాప్స్ పువ్వులతో గంటసేపు మరిగిస్తే చేదు, వాసన పడతాయి. నీరు ఆవిరై గీత మరికొంచెం ఎక్కుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. మరిగే చుక్కను పట్టకం మీద వేసి వెంటనే చూస్తే అంకె తప్పు వస్తుంది. పరికరంలో ఉష్ణోగ్రతను సర్దే లోహపు పట్టీ ఉన్నా, చుక్కకు గాజు చల్లదనం పట్టేదాకా అర నిమిషం ఆగాలి. మూత వాల్చకుండా వదిలేస్తే నీరు ఆవిరై, లేని తీపి కనిపిస్తుంది.

వర్ట్ 12 దగ్గర ఆగిందనుకుందాం. చల్లార్చి ఈస్ట్ వేస్తారు. వారం, పది రోజుల్లో ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఈ గొట్టం జీవితంలో మొదటి అవమానం ఇక్కడే. పులియడం ముగిశాక చుక్క వేస్తే గీత 6 దగ్గర నిలుస్తుంది. అదే బీరులో హైడ్రోమీటర్ అనే తేలే గాజు కడ్డీని వేస్తే 3 చూపిస్తుంది. కారణం ఆల్కహాల్. అది నీటికన్నా వెలుతురును ఎక్కువగా వంచుతుంది, నీటికన్నా తేలిక కూడా. నీటి వక్రీభవన గుణకం 1.333, ఆల్కహాల్‌ది 1.361. అందుకే రిఫ్రాక్టోమీటర్ ఆల్కహాల్‌ను కూడా చక్కెర ఖాతాలో వేసి ఎక్కువ చెబుతుంది. హైడ్రోమీటర్ ఆ తేలికదనానికి లోబడి నిజంగా మిగిలిన చక్కెరకన్నా తక్కువ చెబుతుంది. చెప్పాలంటే రెండూ అబద్ధాలే. కాకపోతే ఒకటి పైకి, ఒకటి కిందికి. పాత అంకె, కొత్త అంకె రెండూ తెలిసిన బ్రూవర్ దిద్దుబాటు సూత్రంతో అసలు సంగతి రాబడతాడు. ఈ ఉదాహరణలో ఆల్కహాల్ 5 శాతానికి దగ్గరగా తేలుతుంది.

అంకెలు తేలాక రుచి చూసేవాళ్లు వస్తారు, గొట్టం జేబులోకి వెళ్తుంది. చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు వరసగా పెడతారు. లేత రంగువి, తేలికవి ముందు. నల్లవి, చేదువి చివర. మధ్యలో మంచినీళ్లు, ఉప్పు లేని రొట్టె. ముందు రోజు రాయలసీమ కారం తిని వచ్చిన నాలుకను ఈ పనికి నమ్మరు, న్యాయమే. బీరు తీర్పరుల శిక్షణకు పేరున్న అమెరికా సంస్థ బీజేసీపీ పత్రంలో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. చక్కెరకంటూ విడిగా ఒక్క మార్కూ లేదు. గొట్టం తన బతుకంతా దేన్ని కొలిచిందో అది ఆ పత్రంలో రుచి అనే గడిలో ఎక్కడో కలిసిపోయింది.

డిజిటల్ మీటర్ రావడంతో ఈ గొట్టం చేతులు మారి చిత్తూరు చేరింది. ఇక్కడ బీరు తొట్లు లేవు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. తమిళనాడులోని కృష్ణగిరితో పాటు దేశంలో మామిడి గుజ్జుకు పెద్ద కేంద్రం చిత్తూరు ప్రాంతమే. దామలచెరువు, బంగారుపాళెం మండీలకు రకరకాల కాయలు వస్తాయి. ఫ్యాక్టరీలకు మాత్రం ప్రధానంగా తోతాపురి కావాలి. చిలక ముక్కులాంటి కొసతో పొడవుగా ఉండే ఈ కాయ జూన్, జులై నెలల్లో కోతకొస్తుంది. బేనీషాలా కోసుకుని ఇష్టంగా తినే పండు కాదని కొందరు దీన్ని చిన్నచూపు చూస్తారు. కండ ఎక్కువ, ధర తక్కువ కాబట్టి గుజ్జు వాళ్లకు ఇదే లక్ష్మి.

ఇక్కడ గొట్టానికి పాత పరిచయం ఒకటి ఎదురైంది. పచ్చి తోతాపురిలో పిండి పదార్థం ఎక్కువ. మాగే కొద్దీ కాయలోని ఎంజైములే దాన్ని చక్కెరగా మారుస్తాయి, పులుపు తగ్గుతుంది, గీత పైకి పోతుంది. బ్రూపబ్ తొట్టిలో వేడి నీళ్లు, గంట సమయం పెట్టి చేయించిన పనిని మామిడికాయ మాగుడు గదిలో కూర్చుని నాలుగైదు రోజుల్లో తనంతట తానే చేసుకుంటుంది. దానికి ఇథిలీన్ వాయువు తోడిస్తారు. కార్బైడ్ వాడకం చట్టప్రకారం నిషిద్ధం.

మాగిన పండ్లను కడిగి, టెంక తీసి, జల్లెళ్ల మీద గుజ్జు చేస్తారు. వేడిచేసి, సూక్ష్మజీవుల్ని చంపి, గాలి సోకకుండా 215 కిలోలు పట్టే సంచుల్లోనో 3.1 కిలోల డబ్బాల్లోనో నింపుతారు. కొనేవాడి షరతుల్లో మొదటి అంకె గొట్టానిదే. తోతాపురి గుజ్జు 14 బ్రిక్స్‌కు తగ్గకూడదు, అల్ఫాన్సో అయితే 16. నీరు తీసి చిక్కబెడితే 28. అయితే ఈ 14లో ఉన్నదంతా చక్కెర కాదు. పండులోని ఆమ్లాలు, లవణాలు కూడా వెలుతురును వంచుతాయి. అందుకే ల్యాబ్‌లో క్షారంతో టైట్రేషన్ చేసి పులుపును విడిగా తేలుస్తారు. ఒకే బ్రిక్స్ ఉన్న రెండు గుజ్జుల్లో ఒకటి తియ్యగా, ఒకటి చప్పగా అనిపించడానికి కారణం తరచు ఆ పులుపు లెక్కలోనే దొరుకుతుంది. ఆ తర్వాత చెంచాలు పట్టుకుని రుచి చూసేవాళ్లు. మనుషులు మారారు, వరస మారలేదు: రంగు, వాసన, రుచి, నోట్లో ఆనే తీరు. తొమ్మిది మెట్ల ఇష్టాయిష్టాల కొలబద్ద కొన్నిచోట్ల వాడతారు. "బాగుంది", "ఉడికిన వాసనొస్తాంది" అనే రెండు మాటలతో తేల్చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల తీర్పు పెద్దగా తప్పడం గొట్టం చూడలేదు.

2025 సీజన్‌లో కాయ విరగకాసి ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు రైతుకు అందేలా, ఫ్యాక్టరీలు 8, రాష్ట్ర ప్రభుత్వం 4 ఇచ్చే ఏర్పాటు జరిగింది. కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆంక్షలు పెడితే ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఎండలో అలా నిలిచిన లోడులో అడుగున నలిగిన పండ్లకు ఈస్ట్ ఎవరూ వేయక్కర్లేదు, తొక్క మీదే ఉంటుంది. పులుపు తిరగడం మొదలైన గుజ్జు చుక్కలో ఆల్కహాల్ కూడా ఉంటుంది. గొట్టం బెంగళూరులో చేసిన తప్పే ఇక్కడా చేస్తుంది: పోయిన తీపిలో కొంత ఇంకా ఉందనే చెబుతుంది. ముక్కు దగ్గర పెట్టుకున్న మనిషికి మాత్రం తెలిసిపోతుంది. బ్రూపబ్‌లో డబ్బిచ్చి కొనుక్కునే వాసన ఫ్యాక్టరీ గేటు దగ్గర లోడును తిప్పి పంపించే వాసన.

మామిడి లేని నెలల్లో గొట్టాన్ని చెరకు తోటలకు అరువు అడుగుతారు. చిత్తూరు బెల్లానికి పాత పేరుంది. గడ పక్వానికి వచ్చిందో లేదో తేల్చాలంటే మొదట్లో ఒక చుక్క, కొసలో ఒక చుక్క చూడాలి. రెండు అంకెలూ దగ్గరపడితే నరకొచ్చు. గానుగలోంచి దిగిన రసం వరకూ గొట్టం పనికొస్తుంది. పెనంలో సున్నం వేసి తేర్చి, మడ్డి తీసి మరిగించే కొద్దీ గీత 32 దాటి తెర బయటికి వెళ్తుంది. తెరంతా తెలుపే మిగులుతుంది. పాకం 118 డిగ్రీల దగ్గరికి వచ్చే వేళకు పెనం దగ్గరి మనిషి గరిటెతో కాస్త తీసి చన్నీళ్ల చెంబులో వేస్తాడు. వేళ్లతో నలిపి చూస్తాడు. ఉండ కట్టి, చెంబు అంచుకు కొడితే టంగుమంటే పెనం దించమంటాడు. గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, పట్టకానికి గీతలు పడకుండా మెత్తటి సంచిలో పెట్టి ఫ్యాక్టరీకి తిరిగిస్తారు. జూన్‌లో మళ్లీ బయటికి తీసినప్పుడు ముందుగా డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి, చిన్న మర తిప్పి, గీతను సున్నా మీదికి తెస్తారు.