ముప్పై గోల్స్ వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

గోపాల్‌పేట ఒకప్పుడు సంస్థానం. పక్కనే వనపర్తి, ఇంకాస్త అవతల ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న గద్వాల. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేసి సన్మానాలందుకున్న సీమ ఇది. ఇక్కడొక పద్యం పుడితే దానికొక టీక, ఆ టీకకొక ఖండన, ఖండన విన్నవారికొక అలక తప్పేవి కావు. సంస్థానాలు పోయాయి, పండితుల వార్షికాలు ఆగిపోయాయి. టీక అడిగే వాక్యాలు మాత్రం ఆగలేదు. బడి మైదానం గోడకానుకొని ఆట చూసేవాళ్ల నోట వాన కురిసినట్టు కురుస్తూనే ఉన్నాయి. అందులో ఒకదాన్ని పట్టుకున్నాం. కర్త ఫలానా అని తేలలేదు. ఎవరినడిగినా ‘నేనే మొదలు అన్నా’ అంటున్నారు గనుక అపౌరుషేయంగా భావించవచ్చు.

వ్యాఖ్యాతల్లో పెద్దవాడైన కొలచెలమ మల్లినాథసూరిది మెదక్ సీమ కొల్చారమంటారు. మూలంలో లేనిది రాయనని, అక్కరకు రానిది చెప్పనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. పోరగాళ్ల ఆట చూసి భవిష్యత్తు చెప్పేవాళ్లకు అలాంటి ఒట్టేమీ లేదు. అందుకే వాళ్ల మాటకు టీక కాస్త పొడుగవుతుంది.

మూలం

“ఈ పోరడు వచ్చే ఏడు ముప్పై గోల్స్ గొడ్తడు, రాసి పెట్టుకోండ్రి!”

ప్రతిపదార్థం

ఈ = ఎదుట కనిపిస్తున్నట్టి, మోకాళ్లకు ఎర్రమట్టి అంటినట్టి; పోరడు = హాకీ స్టిక్ ధరించిన బాలుడు; వచ్చే ఏడు = ఎన్నడూ వస్తూనే ఉండు సంవత్సరమందు; ముప్పై = మూడు పదులైన; గోల్స్ = గోల్ ముందున్న ‘డీ’ గీత లోపల దాడి చేసే జట్టు స్టిక్ తాకి, 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు గల గోల్‌పోస్టులోకి గీత దాటి పోయిన బంతులను; గొడ్తడు = కొట్టగలడు; రాసి పెట్టుకోండ్రి = లిఖించి దాచుకొనుడు. ఈ ఆజ్ఞను తలదాల్చినందుననే ప్రస్తుత గ్రంథం.

వ్యాఖ్య

‘పోరడు’ అన్నచోట వయసు చెప్పలేదు. ఇది మూలకర్త చేసిన మొదటి ఉపాయం. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని మెట్లున్నాయి. అండర్-14లో తోటివాళ్లకంటే ముందే మీసం మొలిచినవాడు బంతిని ముందుకు తోసి పరుగు తీస్తే వెనక పట్టుకునేవాడుండడు. అది ఆట కాదు, ఎముక. మూడేళ్లకు మిగతావాళ్లూ పెరుగుతారు, అప్పుడు లెక్క మొదటికొస్తుంది. ఒకే ఏడాది పుట్టినవాళ్లలోనూ జనవరి వాడికి డిసెంబర్ వాడికి పదకొండు నెలల తేడా, ఆ వయసులో అది చిన్నదేమీ కాదు. ఇక మన వైపు సగం మంది పుట్టినరోజులు బడి తెరిచే జూన్ నెలలోనే ఎందుకు పడతాయో తెలిసినవాళ్లకు తెలుసు. సర్టిఫికెట్‌ను ప్రమాణంగా తీసుకోవాలా, ప్రత్యక్షాన్ని తీసుకోవాలా అన్నది తార్కికులకు వదిలేస్తున్నాం.

‘ముప్పై’ దగ్గర ఆగాలి. రసమంతా ఇక్కడే ఉంది.

1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మన జట్టు అమెరికాను 24-1తో కొట్టింది. అందులో రూప్‌సింగ్ 10, అన్న ధ్యాన్‌చంద్ 8. ఈ మాట విన్న ప్రతి తండ్రికీ తన కొడుకు రూప్‌సింగే. కానీ ఆ ఒలింపిక్స్‌లో హాకీ ఆడినవి మూడే దేశాలని, మూడోది 11-1తో ఓడిన జపాన్ అని ఎవరూ చెప్పరు. ఎదుటివాడెవడో చెప్పకుండా గోల్స్ చెప్పడం ఎకరాలు చెప్పకుండా పల్లికాయ దిగుబడి చెప్పడం వంటిది. మండల పోటీల్లో ఎదుటి బడి జట్టును నిన్న సాయంత్రం కబడ్డీ పిల్లలతో నింపి ఉంటే, అక్కడ కొట్టిన ఎనిమిది గోల్స్‌కు ప్రేక్షకుడు చప్పట్లు కొట్టొచ్చు, వ్యాఖ్యాత కొట్టకూడదు.

ఇప్పుడు దీనికి ఎదురు ప్రమాణం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత పురుషుల జట్టు ఎనిమిది మ్యాచ్‌లాడి కాంస్యం తెచ్చింది. మొత్తం జట్టు కొట్టినవి 15 గోల్స్. అంటే మూలకర్త ఒక్క పోరడి మీద మోపిన భారం, కాంస్యం తెచ్చిన జట్టంతా కలిసి కొట్టినదానికి సరిగ్గా రెట్టింపు. దీన్ని అతిశయోక్తి అలంకారమనాలో, టీ ప్రభావమనాలో తేల్చలేదు.

‘గొడ్తడు’ అనే క్రియకు కర్త ఎవరు? పోరడే కదా అంటారు. తొందరపడకండి. పారిస్‌లో ఆ 15లో 10 కొట్టిన హర్మన్‌ప్రీత్ సింగ్ ఫార్వర్డ్ కాదు, వెనక ఆడే డిఫెండర్. ఆయన పదీ ఆట ఆగిన తర్వాత వచ్చినవే: ఏడు పెనాల్టీ కార్నర్ల మీద, మూడు పెనాల్టీ స్ట్రోకుల మీద. అంతర్జాతీయ హాకీలో 348 గోల్స్ కొట్టిన పాకిస్థాన్ సోహైల్ అబ్బాస్‌దీ ఇదే దారి, ఆయనా డిఫెండరే.

పెనాల్టీ కార్నర్ తంతు తెలియనివారికి: గోల్‌పోస్టుకు కనీసం పది మీటర్ల దూరంలో వెనక గీత మీదినుంచి ఒకడు బంతిని తోస్తాడు. డీ బయట ఒకడు ఆపుతాడు. మూడోవాడు దాన్ని స్టిక్‌తో ఈడ్చి విసురుతాడు, అదే డ్రాగ్ ఫ్లిక్. ఎదురుగా గోల్ కీపర్‌తో కలిపి ఐదుగురే ఉంటారు. మొదటి దెబ్బ హిట్ అయితే బంతి 460 మిల్లీమీటర్ల ఎత్తు దాటి గోల్‌లోకి పోకూడదు. ఫ్లిక్‌కు ఆ కట్టు లేదు. అందుకే ప్రపంచమంతా ఫ్లిక్ నేర్చుకుంది.

అంతా బాగుంది. కానీ కార్నర్ వచ్చిందెట్లా? మన పోరడు కుడివైపు నుంచి ఇద్దర్ని తప్పించుకొని డీలోకి దూరి, డిఫెండర్ పాదానికి బంతి తగిలేట్టు చేస్తే వచ్చింది. వాడు అక్కడే పడి మోచేయి చీరుకున్నాడు. గోల్ మాత్రం ఫ్లిక్ చేసినవాడి పేరున పడింది. వ్యాకరణంలో చేసేవాడు వేరు, చేయించేవాడు వేరు. స్కోర్ షీట్‌కు వ్యాకరణం రాదు.

హైదరాబాద్ ఫార్వర్డ్ నందనూరి ముకేశ్ కుమార్ 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ ఒలింపిక్స్ ఆడాడు. మూడు వందలకు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు, అర్జున, పద్మశ్రీ. హాకీ తెలిసినవాళ్లు ఆయన పేరెత్తితే ‘మూడు ఒలింపిక్స్’ అంటారు, గోల్స్ అంకె వల్లించరు. ఉమ్మడి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె రజని దేశానికి గోల్ కీపర్‌గా ఆడింది. మన మూలవాక్యం కొలతతో చూస్తే ఆమెకు రావలసిన మార్కులు సున్నా.

పూర్వపక్షం: మరి అంకె వద్దంటే మంచి పిల్లవాణ్ని గుర్తుపట్టేదెట్లా? సెలెక్షన్‌లో దేన్ని చూడాలి?

సమాధానం: మొరం నేల మీద ఎగిరొచ్చే బంతిని స్టిక్‌కు అతికినట్టు ఆపుతున్నాడా, చూడండి. ఆపేటప్పుడు తల ఎత్తి ఉందా, బంతిలోనే మునిగి ఉందా? స్టిక్ ఎడమ ముఖం, అంటే చదును వైపే, వాడాలన్నది నియమం గనుక, ఎడమవైపు వచ్చిన బంతికి మణికట్టు తిప్పి రివర్స్ పట్టగలడా? కీపర్ ప్యాడ్‌కు తగిలి తిరిగొచ్చిన బంతి దగ్గరికి అందరికంటే ముందు చేరేది ఎవడు? ఈ చివరిది నా దృష్టిలో అన్నిటికంటే గట్టి గుర్తు. గోల్ కొట్టేవాడు బంతి ఎక్కడుందో చూడడు, ఎక్కడికొస్తుందో చూస్తాడు. అది పన్నెండేళ్లకే తెలిసిపోతుంది, ఎత్తు బరువులతో పని లేదు.

ఇంకొక గండముంది. ఒలింపిక్స్ హాకీ 1976 మాంట్రియల్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ ఎక్కింది. అప్పటికి ఏడు స్వర్ణాలున్న మన జట్టు ఆ ఏడు ఏడో స్థానంలో నిలిచింది. దేశానికే కాలు కుదరని నేల మీద, ఎర్రమట్టి నుంచి వచ్చిన పిల్లవాడికి మొదటి రోజే కుదరాలంటే ఎట్లా? టర్ఫ్ మీద బంతి ఎగరదు, జారుకుంటూ ఊహించినదానికంటే ముందే వస్తుంది. అలవాటు పడేదాకా వాడి గోల్స్ తగ్గుతాయి. అప్పుడు గోడ దగ్గరివాళ్లు ‘పోరడు చెడిపోయిండు’ అంటారు. దానికి వేరే టీక రాయాలి.

తాత్పర్యం

ఈ బాలుడు సర్టిఫికెట్‌లో ఉన్నంత వయసువాడే అయి, ఎదుటి జట్టు నిన్ననే పుట్టినది కాక, పక్కవాడు బంతి అందించి, తెచ్చిన కార్నర్‌ను తానే కొట్టే అవకాశం దక్కి, టర్ఫ్ ఎక్కగానే బెదరక, మోకాలు నిలిచి, ఇంటివాళ్లు ‘ఇంటర్ అయ్యేదాకా ఆట బంద్’ అనకుండా ఉన్నచో, వచ్చే ఏడు కొన్ని గోల్స్ కొట్టగలడని భావం.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో ‘ముప్పై’కి బదులు ‘నలభై’ అని ఉంది. అది బస్టాండ్ ప్రతి, నమ్మదగినది కాదు. ‘పోరడు’కు బదులు ‘పోరి’ అనే పాఠం ఎక్కడా దొరకలేదు. ఇది లేఖక దోషం కాదు, చూసేవాళ్ల దోషం. నిజామాబాద్ నుంచి యెండల సౌందర్య భారత జట్టుకు ఆడిన తర్వాత కూడా ఈ పాఠం పుట్టకపోవడం గోడ దగ్గరివాళ్లకు మర్యాద కాదు.

చివరగా పీఈటీ సార్లకు ఒక మనవి. ఈసారి జోనల్ పోటీలకు స్కోర్ షీట్ గీసేటప్పుడు గోల్ కొట్టినవాడి గడి పక్కన ఇంకొక గడి గీయండి. పెనాల్టీ కార్నర్ తెచ్చిన పిల్లవాడి పేరు అందులో రాయండి.