హోదా ఖరీదు అరసెంటు

నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు పట్టణమైంది. ఉదయగిరి ఇంకా పంచాయతీయే. ఎవరిది అదృష్టం? 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల లెక్కలో పల్లె పేదకు సెంటున్నర, పట్టణ పేదకు సెంటు. హోదా పెరిగినందుకు అరసెంటు కోత! సెంటంటే 48 గజాలు. మంచం వేస్తే పొయ్యి బయటికి, పొయ్యి పెడితే ముసలమ్మ బయటికి. సర్కారు మారింది, మాట పల్లెకు 3 సెంట్లు, పట్టణానికి 2 సెంట్లయింది. కోత కూడా పాపం సెంటుకు ఎదిగింది.

ఏడాదిన్నర ముట్టడించి కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి దుర్గం పట్టాడు. పట్టా కోసం ఏళ్లతరబడి ఆఫీసుల్ని ముట్టడిస్తున్న గుడిసెవాసులకు ఆయన్ని చూస్తే అసూయేనట. ఆయన్నెవరూ ఆధార్ జిరాక్సు అడగలేదు మరి!