గీతలు తీయబడును: టీకా తాత్పర్య సహితము

మూలము

ఇచ్చట కార్లకు గీతలు తీయబడును.

అవతారిక

ఈ ఏకవాక్య గ్రంథం చోడవరంలో ఒక రేకుల షెడ్డు నుదుట, పసుపు మీద ఎర్ర రంగుతో వెలసింది. కర్త అజ్ఞాతం. కాలం మాత్రం తేల్చవచ్చు. అడుగున ‘విశాఖపట్నం జిల్లా’ అని ఉంది కనుక, మన ఊరు అనకాపల్లి జిల్లాలో కలిసిన 2022 ఏప్రిల్ 4కు ముందుదని ఒక మతం. నిన్నగాక మొన్న రాయించిన బోర్డుల మీదా అదే జిల్లా ఉంటోంది కదా అని ఆక్షేపించేవారున్నారు. వారి మాటా కాదనలేం.

ప్రతిపదార్థము

ఇచ్చట = ఈ షెడ్డునందు, అనగా నీడపట్టున. ఎండకు కాగిన బోనెట్టు మీద పాలిష్ కాంపౌండ్ పూస్తే రుద్దేలోగా ఎండి అట్టకడుతుంది. కాబట్టి ఈ పదం పాదపూరణకు వేసింది కాదు.

కార్లకు = కార్లకే. బైకులవారు లోపల అడగవలెను.

గీతలు = భగవద్గీత ఇక్కడ అన్వయించదు. నుదుటి గీత, అరచేతి గీత అసలే కావు. వాటికి పాలిష్ లేదు. సాయంత్రపుటెండలో రంగు మీద సూర్యబింబం చుట్టూ సాలెగూడులా కనిపించేవని గ్రహించాలి. అవి గుండ్రంగా ఉంటాయన్నది లోకభ్రమ. నిజానికి అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కనుక చుట్టలు కట్టినట్టు తోస్తుంది. నమ్మనివారు చీకట్లో టార్చి పట్టుకుని పక్కకు జరగండి. చుట్ట కూడా వెంట వస్తుంది.

మరి ఇవి ఎలా పుట్టాయి? స్వయంభువంటే మా ఊరి విఘ్నేశ్వరుడు, గీత కాదు. గీతకు తండ్రి దుమ్ము, తల్లి గుడ్డ. భీమునిపట్నం–నర్సీపట్నం రోడ్డులో చెరకు ట్రాక్టరు వెనక అరగంట నడిచిన కారు ఒంటినిండా సన్నని ఇసుక. తెల్లారి లేచి చిరిగిన బనీనుతో పొడిగా తుడిచే భక్తుడు ఒక్కో రేణువునూ గంటంగా చేసుకుని రాస్తాడు. నేను ఆరేళ్లు రాశాను. నాది నల్ల కారు. ప్రతి అక్షరమూ చదవొచ్చు.

తీయబడును = కలహం ఇక్కడే. పాపిడి తీయడమంటే గీత పుట్టించడమే గాని చెరపడం కాదు గనుక, ఈ షెడ్డులో గీతలు పెడతారని పూర్వపక్షం. కొట్టిపారేయలేం. మురికి ప్యాడ్ తగిలించి, చెయ్యి తిరగనివాడు రోటరీ మిషన్ తిప్పితే పాతవి పోయి కొత్తవి వస్తాయి. ‘తీసివేయబడును’ అని రెండోవారి అర్థం. ఇద్దరూ పొరబడ్డారని ఈ టీకాకారుడి సిద్ధాంతం. గీత వస్తువు కాదు, అక్కడ పూత లేకపోవడం. తార్కికుల భాషలో అభావం. లేనిదాన్ని తీసేదెలా? రంగు మీద క్లియర్ కోటని ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. మందం సుమారు 40–50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా పలచన. కాంపౌండ్‌లోని అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఆ పొరను గీత అడుగు దాకా అరగదీస్తుంది. గట్టు పోయాక గుంట ఎక్కడిది? తీయబడేది గీత కాదు, దాని చుట్టూ ఉన్న కారు.

‘బడు’ ధాతువు కర్తను దాచింది. రేపు అంచుల దగ్గర పొర లేచిపోతే ఎవరిని నిలదీయాలో వ్యాకరణం చెప్పదు.

తాత్పర్యము

మీ కారును డబ్బు పుచ్చుకుని ఇచ్చట కొంచెం సన్నబరుస్తారు.

విశేషాంశములు

లోతు తేల్చడానికి షెడ్డులోని కుర్రాడి దగ్గర ఒకే ప్రమాణం ఉంది. “గోరు పెట్టి లాగండి మాస్టారూ. జారిపోయిందా, మెషినుకి వదిలీసినట్టే. ఆగిందా, అది రంగేసే మేస్త్రీ పని, నా వల్ల అవదు.” శాస్త్రానికీ ఇంతకన్నా మంచి మాట దొరకలేదు. నా కారుకు తలుపు మీద నాలుగు చోట్ల గోరు ఆగింది. వాటిని వదిలేసి తక్కినవి రుద్దాడు.

మైనం పూయడం వేరు, పాలిష్ వేరు. మైనం గుంటను నింపి దాస్తుంది. నాలుగు కడుగుళ్లకు కరిగిపోయి గీత మళ్లీ దర్శనమిస్తుంది. రెండింటికీ ఒకే రేటు చెబితే అనుమానించండి.

మరోమాట, మా వీధి పిల్లలకు. దుమ్ము పట్టిన కారు అద్దం మీద పేర్లు రాసుకోండి, అభ్యంతరం లేదు. బోనెట్టు మీద మాత్రం రాయొద్దు, నాన్నా.