ముహూర్తానికి ముందు మంగు

మంగు మచ్చలకు లేజర్ చేయించుకునే సన్నాహం పెళ్లి ముహూర్తం పెట్టిన రోజున మొదలవుతుంది. చర్మ పరీక్షతో మొదలవ్వాలని వైద్య గ్రంథాలు చెబుతాయి గానీ తెలుగు ఇళ్లలో మొదటి మాట పంచాంగానిదే. శుభలేఖలు అచ్చుకు వెళ్లాక పెళ్లికూతురి బుగ్గల మీది మంగు అందరికీ కనబడుతుంది. అదే ఊపులో తల్లి మెడ, పిన్ని నుదురు కూడా లెక్కలోకి వస్తాయి. పెళ్లికొడుకు ఎంత నల్లగా ఉన్నా చామనఛాయ కిందికే వస్తాడు కనుక అతనికి చికిత్స అక్కర్లేదు.

లేజర్ వెనకున్న సూత్రాన్ని 1983లో ఆండర్సన్, ప్యారిష్ అనే అమెరికన్ వైద్యులు ప్రతిపాదించారు. తగిన తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేనంత తక్కువసేపు కొడితే, చుట్టూ ఉన్న చర్మం కాలకుండా రంగు ఉన్నచోటే పగులుతుంది. మన క్లినిక్‌లలో ఎక్కువగా కనిపించే క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ యంత్రం 1064 నానోమీటర్ల కాంతిని వాడుతుంది. ఈ కాంతిని పైపొరలోని మెలనిన్ అంతగా పీల్చుకోదు కాబట్టి నల్లని చర్మానికి కాస్త క్షేమం. అయితే ఏది మచ్చో, ఏది తాతముత్తాతలిచ్చిన రంగో తేల్చుకునే వివేకం యంత్రానికి లేదు. ఎండలో కమిలిన ముఖంతో వెళ్తే రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంది. పైగా వేడి తగిలినా, గాయమైనా మన చర్మానికి తెలిసిన జవాబు ఒక్కటే: ఇంకాస్త నల్లబడటం. మచ్చ మీద కాలిన మచ్చ వస్తే గోరుచుట్టు మీద రోకటిపోటే.

కనుక ఈ సన్నాహంలో చేయాల్సిన పనులకంటే మానాల్సినవే ఎక్కువ. ఊరుకోవడమంటే మన ఇళ్లలో చేతకానితనం కింద లెక్క. అందుకే చికిత్స ఖాయమైన మర్నాటి నుంచే ముఖం మీద వంట మొదలవుతుంది. టమాటా, వంటసోడా, శనగపిండి, నిమ్మచెక్క వరసగా ఎక్కుతాయి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే ఉన్న మచ్చలు పోవడం అటుంచి కొత్తవి వస్తాయి. పార్లర్‌లో బ్లీచింగ్, ఫేషియల్, త్రెడింగ్ కూడా ముందు నుంచే ఆపేయాలి.

ట్యూబు కథ వేరు. చాలా ముఖాలు క్లినిక్‌కు రావడానికి ఏడాది ముందే మందుల షాపుకు వెళ్లి ఉంటాయి. అక్కడ మందు పేరు ఎవరూ అడగరు, “పక్కింటి ఆంటీ వాడే ట్యూబు” అంటే చాలు. అందులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితోపాటు ఒక స్టెరాయిడ్ ఉంటాయి. వైద్యుడి కనుసన్నల్లో కొన్ని వారాలు వాడాల్సిన మందు అది. మొదట్లో ముఖం తెల్లబడుతుంది, చుట్టాలు మెచ్చుకుంటారు. ఆ తర్వాత చర్మం పలచబడి, నరాలు తేలి, మొటిమలు వచ్చి, పైపెదవి మీద నూగు మీసం మొలుస్తుంది. మానేస్తే మంట పుడుతుంది కాబట్టి మళ్లీ రాస్తారు. చర్మానికి రాసే స్టెరాయిడ్లను 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్‌లో మాత్రం చీటీ అడగరు, “పెద్దదా, చిన్నదా?” అని అడుగుతారు. అలా అరిగిన చర్మం మీద లేజర్ కొట్టే ముందు దాన్ని కోలుకోనివ్వాలి. దానికి నెలలు పడుతుంది, ముహూర్తం ఆగదు.

క్లినిక్‌లో ఇచ్చే ఫారాన్ని రిసెప్షన్ సోఫాలో అత్తగారి పక్కన కూర్చుని నింపుతారు కనుక అన్ని ప్రశ్నలకూ జవాబు ‘లేదు’. గర్భనిరోధక మాత్రలు లేవు, మొటిమల మందు లేదు, పెదవి మీద ఎప్పుడూ నీటిపొక్కులు లేవు. ఆ మాత్రలకూ మంగుకూ సంబంధం ఉంది. ఆ పొక్కులు లేజర్ తర్వాత తిరగబెట్టగలవు, ముందే చెబితే మాత్ర ఇస్తారు. కీళ్లవాతానికి ఒకప్పుడు బంగారు లవణాల ఇంజెక్షన్లు వాడేవారు. అవి తీసుకున్నవారి చర్మం ఈ లేజర్‌కు నీలిబూడిద రంగుకు తిరుగుతుంది. ఒంటినిండా బంగారం కోరుకునేవారు గమనించాలి. ఇక అమ్మగారి మెడ నల్లగా, మందంగా ఉంటే చాలాసార్లు కారణం ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. ఆమెకు ముందు కావాల్సింది షుగర్ పరీక్ష.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు. రెండు వేళ్ల పొడవునా పిండి, బయట ఉంటే రెండు గంటలకోసారి రాయాలి. మామూలు వెలుతురుకు కూడా మంగు ముదురుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత రంగు రకం మేలు. జనం రాసుకునేది దిష్టిచుక్కంత, అదీ పొద్దున ఒకసారి. ఈ విషయంలో చున్నీతో ముఖమంతా చుట్టుకుని స్కూటీ నడిపే అమ్మాయిలే శాస్త్రానికి దగ్గరగా ఉన్నారు.

ఆషాఢంలో ముహూర్తాలుండవు, చీరల దుకాణాలతోపాటు క్లినిక్‌లూ ఆఫర్లు పెడతాయి. ప్యాకేజీ కొన్నవాళ్లు శ్రావణం తరుముతుంటే ముందుగా ఓ మూల చిన్నచోట చేసి చూడాల్సిన పరీక్షను వద్దనేస్తారు. సిట్టింగ్‌ల మధ్య రెండు నుంచి నాలుగు వారాల ఎడం ఉండాలన్నా ఒప్పుకోరు. చివరి సిట్టింగ్ అయిన రెండో రోజే నలుగు పెడతారు. లేజర్ తగిలిన చర్మాన్ని రుద్దకూడదని చెప్పిన కాగితం అప్పటికి పసుపు కొమ్ముల పొట్లం అయి ఉంటుంది.

అసలు మంగుకు లేజర్ మొదటి చికిత్స కాదు. ఎండ జాగ్రత్తకూ పూతమందులకూ లొంగనప్పుడు ఆలోచించేది, చేయించుకున్నా తిరిగి రావడం మామూలే. చేయించుకోదలచినవారు బోర్డు మీద చర్మవైద్యంలో ఎండీ, వైద్యమండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకుని, కనీసం ఆరు నెలల ముందు వెళ్లాలి. ముహూర్తం నెలలోపే ఉంటే ఆ డబ్బు ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్సుగా ఇవ్వడం మంచిది. ఆల్బమ్‌లో ఆయన తీసేసిన మంగు తిరిగి రాదు.