నల్లబడే సీసా

పెళ్లిచూపులకి ముందు నెల్లాళ్లు మా అమ్మ నన్ను గడప దాటనివ్వలేదు, ఎండకి కమిలిపోతానని. ఒంటికి సున్నిపిండి, ముఖానికి మీగడ, శనగపిండి, ఆ పైన ఫెయిర్ అండ్ లవ్లీ. ఇన్ని పట్టించినా పెళ్లివారు "అమ్మాయి చామనఛాయే" అని తేల్చేశారు. 2020లో ఆ క్రీము పేరైనా మార్చుకుంది గానీ, నా రంగు మాత్రం మారలేదు.

అలాంటిదాన్ని డాలస్ వచ్చి, డబ్బులు పోసి మరీ నల్లబడే సీసా కొన్నాను. సెల్ఫ్ టానర్ అంటారు. ముఖానికి కాదు లెండి, పొట్టకి. ఇద్దరు పిల్లలూ పుడుతూ పుడుతూ అక్కడ తెల్లటి చారలు వదిలారు. చీర కట్టినన్నాళ్లూ నడుం సగం బయటే ఉన్నా వాటి ఊసెత్తినవాళ్లు లేరు. అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ దగ్గరకొచ్చేసరికి నాకే పట్టింపు మొదలైంది.

"దానికి సీసా ఎందుకు? కాసేపు ఎండలో పడుకుంటే అంతా ఒకటే రంగొస్తుంది కదా" అన్నారు మావారు. రాదు. చర్మం లోపొర సాగి తెగినచోట పడ్డ మచ్చలవి. మొదట్లో ఎర్రగా ఉండి, పోనుపోను తెల్లబడతాయి. ఎండకి చుట్టూ ఉన్న చర్మం నల్లబడుతుంది, చారలు పెద్దగా నల్లబడవు. అంటే మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయన్నమాట.

సీసాలో ఉండే డైహైడ్రాక్సీఅసిటోన్ దారి వేరు. అదొక చక్కెర. చర్మం పైన ఉండే చచ్చిన పొరలోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమరంగుకి తిరుగుతుంది. 1950ల్లో సిన్సినాటిలో ఎవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు జబ్బు పిల్లలకి దీన్ని తాగిస్తుంటే, ఒంటిమీద ఒలికినచోటల్లా మచ్చలు పడ్డాయట. మందు సంగతేమో గానీ 1960కల్లా కాపర్‌టోన్ కంపెనీ దాన్ని సీసాలో పోసి అమ్మేసింది. పిల్లలు తాగేదాన్ని తొడలకి రాయించడం వ్యాపారస్తులకే చెల్లింది.

ఇదంతా మా అత్తయ్యకి చెబితే, "దోశ ఎర్రగా కాలినట్టన్నమాట" అన్నారు. నిజంగా అదే కోవ రసాయన చర్య. పెనం ఒక్కటే తక్కువ.

రాసుకోవడం మాత్రం చాకిరే. ముందు ఒళ్లు రుద్ది మట్టి తీయాలి. ఒక్కో చార మీదా దూదిపుల్లతో గీసి, ఆరనిచ్చి, అప్పుడు పొట్టంతా పల్చగా పూయాలి. మోచేతులకీ మోకాళ్లకీ తగిలిందా, ఆ మొద్దు చర్మం రంగంతా పీల్చేసుకుంటుంది. పైగా ఓ మాడు వాసన. వేసిన నాడే రంగు తేలదు, కొన్ని గంటలాగాలి. ఇంతా చేస్తే వారం తిరక్కుండానే పైపొర రాలిపోయి, చారలు యథాస్థానం. గుంటలు పడ్డ చారైతే రంగు కలుస్తుంది గానీ గుంట పూడదు. ఎండ నుంచి కాపాడుతుందా అంటే అదీ లేదు, సన్‌స్క్రీన్ విడిగా కొనాలి.

అత్తయ్య సీసా తిప్పి తిప్పి చూశారు. "నాకూ ఉన్నాయమ్మాయ్ ఈ చారలు. సగం మీ ఆయనవే. వాడి తలకాయ అప్పుడూ పెద్దదే."

ఆ తలకాయ గలాయన అంతసేపూ నవ్వి, రాత్రి మెల్లిగా బనియను తీసి భుజాలు చూపించారు. కాలేజీలో జిమ్ముకెళ్లి కండలు పెంచిన రోజుల్లో పడ్డ చారలు.

"కాస్త మిగిలిందా?"

పక్కగదిలోంచి అత్తయ్య కేక వినిపించింది: "వాడికి రాశాక చేతులు సబ్బుతో కడుక్కుని గానీ వంటింట్లోకి రాకమ్మాయ్. పొద్దున్నే పిండి కలపాలి."