దుఃఖంలో ఉన్న విశ్వాసికి తలకిందుల సలహాలు

మెట్‌పల్లి, కోరుట్ల, మల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లకు చావు తరచుగా విమానంలో వస్తుంది. దుబాయ్‌లోనో సౌదీలోనో పోయిన మనిషి శంషాబాద్‌లో పెట్టెలో దిగి, అంబులెన్సులో సొంత వాకిట్లోకి చేరతాడు. అప్పటికే వాకిలి నిండా జనం. క్రైస్తవుల ఇల్లయితే సంఘపువాళ్లూ వచ్చి ఉంటారు. పెట్టె మూత తీయకముందే ఓదార్పు మొదలవుతుంది. "ఏడ్వకు బిడ్డా, దేవుని చిత్తం." "ఆయన ప్రేమించినోళ్లనే తొందరగ తీస్కపోతడు." "విశ్వాసంల గట్టిగుండాలె."

ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటలు చాలా ఇళ్లలో గాయాన్ని ఇంకా పెద్దది చేశాయి. అందుకే ఇక్కడ రాస్తున్న సలహాలు కూడికల్లో వినేవాటికి తలకిందులుగా ఉంటాయి. తప్పుడు బోధ అని ఎవరైనా అంటే, బైబిలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.

1. దేవునితో పోట్లాడండి

"దేవుణ్ని ప్రశ్నించొద్దు, అది గర్వం" అంటారు. మీరు ప్రశ్నించండి. యోబు ఒక్కరోజులో ఏడుగురు కొడుకుల్ని, ముగ్గురు కూతుళ్లని పోగొట్టుకున్నాడు. మొదట సాష్టాంగపడి దేవుణ్ని స్తుతించాడు, నిజమే. మన ప్రసంగాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. గ్రంథం మాత్రం ఇంకో నలభై అధ్యాయాలు నడుస్తుంది. అందులో యోబు తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. తన వ్యాజ్యం వినమని దేవుణ్నే నిలదీశాడు. చివరికి దేవుడు కోపగించుకున్నది యోబు స్నేహితుల మీద. తన గురించి యోబు మాట్లాడినట్టు వాళ్లు సరిగా మాట్లాడలేదన్నాడు.

బేతనియలో లాజరు చనిపోయాక మార్త, మరియ ఇద్దరూ యేసుకు ఒకే ఫిర్యాదు చేశారు: నువ్వు ముందే వచ్చి ఉంటే మా సోదరుడు బతికేవాడని. ఆయన వాళ్లను గద్దించలేదు, వాళ్లతో కలిసి ఏడ్చాడు. 88వ కీర్తన మొదటినుంచి చివరిదాకా చీకటిలోనే నడుస్తుంది, ఒక్క స్తోత్రంతో కూడా ముగియదు. అయినా అది 150 కీర్తనల్లో ఒకటిగా మన చేతుల్లో ఉంది.

దేవుని ముందు అణకువ అంటే నోరు కుట్టేసుకోవడం కాదు. నా దగ్గర జవాబు లేదు, నీ దగ్గర ఉంది, కాబట్టి నిన్నే అడుగుతున్నానని చెప్పడం. యోబు కూడా చివరికి తల వంచాడు. ఇరుగుపొరుగు నోరు మూయించినందుకు కాదు, దేవుడే ఎదురుగా వచ్చి మాట్లాడినందుకు వంచాడు.

2. కారణం చెప్పకండి

పరామర్శకు వెళ్లేవాళ్లకు ఈ సలహా. యోబు స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేల మీద మౌనంగా కూర్చున్నారు. ఆ మూడు నోళ్లు తెరుచుకున్నాకే అసలు హింస మొదలైంది. నీ పాపమో, నీ పిల్లల పాపమో అంటూ కారణాలు తవ్వారు. మనమూ అదే చేస్తున్నాం. దశమభాగం ఎగ్గొట్టారనీ, ఉపవాస కూడికకు రాలేదనీ, కోడలు వచ్చిన వేళ మంచిది కాదనీ గుసగుసలు పోతుంటాయి. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకన్నా పాపులేమీ కాదన్నాడు.

మన పొరుగునే దీనికి సాక్ష్యం ఉంది. ఆర్మూరు, నిజామాబాద్ దాటి హైదరాబాద్ దారి పడితే డిచ్‌పల్లి వస్తుంది. కుష్ఠు సోకినవాణ్ని పాపి అని ఊరవతలికి తరిమిన కాలంలో, 1915లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. నడిపింది స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసాబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్. ఆమె 1932లో కన్నుమూసింది. ఆ రోగులకు వ్యాధి ఎందుకొచ్చిందో దేవుని తరఫున తీర్పు చెప్పడం ఆమె పని కాలేదు. పుండు కడగడం, మందు ఇవ్వడం ఆమె పనైంది. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర దేవుని వకీలుగా నిలబడటమే గర్వం. గిన్నె, గుడ్డ పట్టుకుని నిలబడటం అణకువ.

3. అన్నిటినీ దేవుని లెక్కలో వేయకండి

గల్ఫ్‌కు పోయినవాడితో నడివేసవి ఎండలో నీడా నీళ్లూ లేకుండా పని చేయించింది కంపెనీ. ఒక వీసా చెప్పి ఇంకో వీసా మీద పంపింది ఏజెంటు. నూటికి మూడు రూపాయల మిత్తి కట్టించుకుంది అప్పు ఇచ్చినవాడు. 2015 డిసెంబరులో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి తాళం వేసిందీ మనుషులే. వీటికి "దేవుని చిత్తం" అని పేరు పెడితే తప్పు చేసినవాడు హాయిగా తప్పించుకుంటాడు, నింద దేవుని మీద పడుతుంది. ఆమోసు ప్రవక్త బీదల్ని దోచినవాళ్లను వేలెత్తి చూపించాడు, అది దేవుని చిత్తమని సర్దుకుపొమ్మనలేదు. తల వంచాల్సింది దేవుని ముందు. మోసగాడి ముందు వంచడాన్ని భక్తి అనకండి.

4. చేయి చాపండి

"దేవుడే చూసుకుంటడు, సర్కారును అడుగుడేంది" అని కొందరు విశ్వాసులు కాగితాలు ముట్టుకోరు. ముట్టుకోండి. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో పోతే 10 లక్షలు వస్తాయి. పాస్‌పోర్టు, వీసా నకలు, మరణ ధ్రువపత్రం, ఎంబసీ ఇచ్చిన పత్రం, బ్యాంకు పాస్‌బుక్ ఒకే సంచిలో పెట్టండి. కంపెనీ నుంచి రావాల్సిన జీతం బకాయి, సర్వీసు డబ్బు గురించి ఎంబసీకి రాయించండి. యోబు కూడా ఊరికే కూర్చోలేదు. బంధువులంతా వచ్చి తలా ఒక వెండి నాణెం, ఒక బంగారు ఉంగరం ఇస్తే తీసుకున్నాడు. తీసుకోవడానికీ తగ్గింపు కావాలి.

5. ప్రార్థన రాకపోతే మానండి

మోకాళ్ల మీద కూర్చుంటే మాట రాదు, బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపించవు. అలాంటప్పుడు బలవంతం చేసుకోకండి. చచ్చిపోతే బాగుండునని చెట్టుకింద పడుకున్న ఏలీయాకు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. పక్షవాతం వచ్చినవాణ్ని నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించినప్పుడు యేసు చూసింది మోసినవాళ్ల విశ్వాసాన్ని. కొన్నాళ్లు మీ భారం సంఘాన్ని మోయనివ్వండి.

మోయడమంటే ఏమిటో మా వైపు ఒక ఇంట్లో చూశాను. పసుపు తవ్విన మూడోనాడే ఇంటాయన పోయాడు. దిబ్బ వాకిట్లోనే ఉంది. ఉడకబెట్టడం ఆలస్యమైతే సరుకు చెడిపోతుంది. భూస్థాపన అయిన మర్నాడు పొద్దున్నే సంఘంలోని నలుగురు ఆడవాళ్లు వచ్చారు. మండ వేరు, కొమ్ము వేరు చేశారు. కడాయి కింద మంట పెట్టి, ఉడికిన కొమ్మును పుల్లతో గుచ్చి చూసి దించారు, కళ్లంలో పరిచారు. గోడకు ఆనుకుని కూర్చున్న ఆ ఇంటావిడతో ఒక్క వాక్యం కూడా చదివించలేదు. మధ్యాహ్నం ఒకామె అన్నం కలిపి పెడుతూ, "రెండు ముద్దలు తిను వదినె, చాలు" అంది. ఆ ఇంట్లో జరిగిన ఆదరణ కూడిక అదే.

6. సాక్ష్యం చెప్పకండి

నలభయ్యో రోజుకే మైకు ఇచ్చి "దేవుడు నిన్నెట్ల ఆదరించిండో చెప్పు" అంటారు. ఇంకా కుదరదని చెప్పండి. కళ్లనీళ్లు మింగి చెప్పిన సాక్ష్యం వినేవాళ్లకు బాగుంటుంది, చెప్పినవాళ్లు ఇంటికెళ్లి కూలిపోతారు. "యోబుకు మళ్లా పదిమంది పిల్లలు పుట్టిండ్రు గద" అనేవాళ్లకు తలూపాల్సిన పని కూడా లేదు. కొత్తగా పుట్టినవాళ్లను చూసి పోయిన పదిమందిని మరిచిపోయాడని ఆ గ్రంథంలో ఎక్కడా లేదు.

7. తప్పుగా ఓదార్చినవాళ్లను క్షమించండి, కానీ ఆఖరున

యోబు కథ ఎక్కడ ముగిసిందో చూడండి. స్నేహితులు బలి అర్పించుకోవాలి, వాళ్లకోసం యోబు ప్రార్థించాలి, అప్పుడే వాళ్లను మన్నిస్తానన్నాడు దేవుడు. అన్నీ తెలుసనుకుని బోధించినవాళ్లకు, ఏడ్చి పోట్లాడినవాడి ప్రార్థన కావాల్సి వచ్చింది. మీ వాకిట్లో కూర్చుని నొప్పించే మాటలన్న అయ్యగారికోసం, అత్తకోసం, పెద్దనాయినకోసం మీరూ ఒకరోజు ప్రార్థించాల్సి ఉంటుంది. అయితే దేవుడు ఆ పని యోబుకు మొదటి అధ్యాయంలో అప్పగించలేదు, 42వ అధ్యాయంలో అప్పగించాడు. మీ 42వ అధ్యాయం వచ్చేదాకా మిమ్మల్ని తొందరపెట్టే హక్కు సంఘంలో ఎవరికీ లేదు.